పసుపు పడిన పుర్రె

మా ఇంట్లో హాలు గోడకి ఒక జింక పుర్రె ఉంది, కొమ్ములతో సహా. దాని రంగు పసుపు. పుర్రె పసుపు రంగులో ఉందేమిటని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరూ అడగకపోతే ఇంకా మండుతుంది.

ఆ జింకను కొట్టింది నేను. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే గొడవంతా అక్కడే మొదలైంది. తుపాకీ లైసెన్సు నాది, తుపాకీ నాది, చలికి కొయ్యబారిపోయిన వేళ్ళు నావి. కెనడాలో మేముండే రెజైనాలో మాకు తెలిసిన తెలుగువాళ్ళందరూ మాత్రం దాన్ని మా ఆయన కొట్టాడని నమ్మారు. ఆయన కాదనలేదు. నాకు కావలసిందల్లా ఆయన ఒక్కసారి నలుగురి ముందు నోరు తెరిచి "నేను కాదు, తను" అనడం. అంతకు మించి నేనేమీ అడగలేదు. ఆ కాస్త మాట అనడానికే ఆ మహానుభావుడికి నోరు పెగల్లేదు.

నీకీ పిచ్చి ఎలా పట్టిందని అందరూ అడుగుతారు. పిచ్చి కాదు. ఈ ఊరు వచ్చిన కొత్తలో చలికాలమంటే నాకు ఏడుపొచ్చేది. ఆఫీసు, ఇల్లు, హీటరు. మా ఆఫీసులో నా పక్క సీటావిడ నా ముఖం చూసి జాలిపడి, ఒక శనివారం తనతో బయటికి తీసుకెళ్ళింది. ఊరి అవతల పొలాల్లో మంచు మీద అడుగుజాడలు చూపించింది. ఇది కుందేలు, ఇది నక్క, ఇది జింక, ఇది పొద్దున నడిచింది, ఇది నిన్నటిది అని చెబుతూ పోయింది. ఆ రోజు నాకు చలి గుర్తు రాలేదు. తర్వాత ఆవిడే నన్ను తుపాకీ క్లాసులకి, వేట క్లాసులకి లాక్కెళ్ళింది. ఆ తర్వాత ఆవిడకి వేరే ఊరు బదిలీ అయింది. నేను ఒక్కదాన్నే మిగిలాను.

ఒక్కదానివే వెళ్తావా అని అడగనివాళ్ళు లేరు. అవును, ఒక్కదాన్నే. నలుగురు కలిసి వెళ్తే మాట్లాడుకుంటారు. మాట్లాడితే జింక రాదు. ఇందులో అర్థం కానిదేముందో నాకు తెలియదు. మా ఆయనకి చలంటే భయం. ఇంటి నుంచి చేసే ఉద్యోగం, పొద్దున్నే లేవడమంటే ఆయనకి శిక్ష. ఆయన రానన్నందుకు నాకు కోపం లేదు. రాకపోవడం వేరు, రాకుండానే పేరు కొట్టెయ్యడం వేరు.

మొదటి రెండేళ్ళూ ఖాళీ చేతులతోనే తిరిగొచ్చాను. వేటాడాలంటే ముందు పొలం యజమాని ఒప్పుకోవాలి. నాకు దొరికిన రైతు ఒక ముసలాయన, మంచివాడే. ఫోన్లో అనుమతి అడిగితే సరేనన్నాడు. అని, మీ ఆయన కూడా వస్తున్నాడా అని అడిగాడు. లేదు, నేనొక్కదాన్నే అన్నాను. అయితే జాగ్రత్త అన్నాడు. రెండో ఏడూ అదే ప్రశ్న, అదే జాగ్రత్త. మూడో ఏడు ఆయన అడగకముందే నేనే చెప్పేశాను, మా ఆయన రావడం లేదని.

ఆ మూడో ఏడు మా అత్తగారు మా దగ్గర ఉన్నారు. విజిటర్ వీసా మీద వచ్చి అయిదారు నెలలు ఉండి వెళ్ళే ఏర్పాటు. మా అత్తగారు చెడ్డ మనిషి కాదు. అది కూడా నాకు కష్టమే. చెడ్డ మనిషైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఆవిడ చేసే ప్రతి పనీ మన మేలు కోరే చేస్తుంది, మనం చెయ్యమనకుండానే చేస్తుంది. నా చొక్కాలు ఇస్త్రీ చేస్తుంది, నేను వరసగా పెట్టుకున్న డబ్బాలన్నీ తన వరసలో సర్దుతుంది, నేను నానబెట్టిన దాంట్లో ఇంకేదో నానబెడుతుంది. ఏమైనా అంటే, "నీకు పని తగ్గుతుందనమ్మా," అంటుంది. ఇంకేం మాట్లాడతాం.

ఇక్కడ తుపాకీతో జింకను కొట్టనిచ్చే రోజులూ, మన కార్తీకమాసమూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. కార్తీకమాసమంతా మా అత్తగారు నీచు ముట్టరు. తెల్లారుజామునే తలస్నానం, బాల్కనీ తలుపు దగ్గర దీపం. ఆవిడ దీపం పెట్టుకునే వేళకి నేను తుపాకీ పెట్టె భుజానికేసుకుని బూట్లు వేసుకుంటూ ఉంటాను. ఇంకో అత్తగారైతే ఇల్లు పీకి పందిరేసేది. ఈవిడ ఒక్క మాట అనలేదు. అనకపోగా, దారిలో తినడానికి డబ్బా కట్టిచ్చింది. పులిహోర.

పొలం అంచున ఒక చెట్ల వరస ఉంటుంది. గాలి ఆపడానికి ఎప్పుడో నాటినవి. నేను అక్కడ చిన్న స్టూలు వేసుకుని కూర్చుంటాను. ఆవాలకి చుట్టమైన కనోలా పంట కోసేసిన మోళ్ళు మంచులోంచి పైకి పొడుచుకుని ఉంటాయి. ఏ జంతువు నడిచినా కరకరమంటుంది. ఆ మొదటి శనివారం మంచి మగ జింక ఒకటి దూరంగా కనిపించింది. అది నాలుగడుగులు వేసింది, తలెత్తింది, ముక్కు పైకి పెట్టింది, తోక తెల్లగా ఎగరేసి పారిపోయింది. ఎందుకు పారిపోయిందో నాకు వెంటనే తెలియలేదు. తర్వాత ఆకలేసి డబ్బా మూత తీశాను. ఇంగువ. ఆ చలిలో, ఆ శుభ్రమైన గాలిలో, ఇంగువ వాసన పక్క ఊరిదాకా వెళ్ళుంటుంది. డబ్బా మూత బిగుతుగా లేదు, నా సంచీ అంతా అదే వాసన. నా బట్టలు వాసన లేని సబ్బుతో ఉతుక్కుంటాను నేను. తలకి నూనె పెట్టను. అంతా చేసి పులిహోర పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చి గట్టిగానే చెప్పాను. జింకకి ముక్కే ప్రాణమనీ, ఇంగువ వాసనకి ఇక జన్మలో అటు రాదనీ. మా అత్తగారు అంతా విని, "అయ్యో, పాపం," అన్నారు. ఎవరిని పాపమన్నారో నాకు తెలియలేదు, నన్నో జింకనో.

తర్వాతి శనివారం ఆవిడ మళ్ళీ డబ్బా ఇచ్చారు. విసుగ్గా తీసుకుని, కారులో పెట్టి, పొలంలోకి తీసుకెళ్ళకుండా అక్కడే వదిలేశాను. ఆ రోజే వచ్చింది నా జింక.

పొద్దు పొడిచిన కాసేపటికి చెట్ల వరస చివరి నుంచి నడుచుకుంటూ వచ్చింది. ఈసారి గాలి నా వైపుకి వీస్తోంది. అది తల దించుకుని మంచు తవ్వి ఏదో మేస్తోంది. పక్కకి తిరిగింది. చేతి తొడుగు తీసిన వేలికి ట్రిగ్గరు తగిలిందో లేదో కూడా తెలియనంత తిమ్మిరి. ఊపిరి సగం వదిలి ఆపమని క్లాసులో చెప్పింది గుర్తుంది. కొట్టాను. అది ఒక్క గెంతు గెంతి, కొంచెం దూరం పరిగెత్తి, మోకాళ్ళ మీద పడి, పక్కకి ఒరిగింది.

దాని దగ్గరికి వెళ్ళి కూర్చుని ఏడ్చాను. ఎందుకో చెప్పలేను. సంతోషమూ ఉంది, పాపమన్న బాధా ఉంది, మూడేళ్ళ చలి కూడా ఉంది అందులో. తర్వాత కళ్ళు తుడుచుకుని కత్తి తీశాను. పొట్ట కోసి లోపలిదంతా తియ్యాలి, ఆలస్యమైతే మాంసం పాడవుతుంది. చేతులు లోపల ఉన్నంతసేపు వెచ్చగా ఉన్నాయి, బయటికి తియ్యగానే గడ్డకట్టాయి. పిల్లలు మంచులో జారే ప్లాస్టిక్ బల్ల ఒకటి తెచ్చుకున్నాను. దాని మీదికి జింకను ఎక్కించి తాడు నడుముకి కట్టుకుని లాగాను. రైతు ఇంటి వాకిట్లోకి చేరేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

నా చిన్న కారులో అది పట్టదు. మా ఆయనకి ఫోన్ చేసి వ్యాన్ తీసుకు రమ్మన్నాను. రెండుసార్లు మోగాక, మూడోసారి నిద్రమత్తులో ఎత్తాడు. వచ్చాడు. వచ్చి నిజంగానే సంబరపడ్డాడు, అది కాదనను. నన్ను గట్టిగా పట్టుకుని, "సాధించావే," అన్నాడు. ఆ తర్వాత ముసలి రైతు బయటికొచ్చాడు. జింకను చూశాడు, కొమ్ములు చూశాడు, చాలా మంచిదన్నాడు. అని, నేరుగా వెళ్ళి మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. నా మోచేతులదాకా నెత్తురు ఉంది. మా ఆయన ఇంటి చెప్పుల్లో, పైజామాలో ఉన్నాడు. అయినా సరే.

సరే, ఆ రైతు ముసలివాడు, పోనీ అనుకున్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. మా ఆయన సరదాకి జింక కొమ్ములు పట్టుకుని నిలబడితే ఫోటో తీశాను. తీసింది నేను కాబట్టి ఫోటోలో నేను లేను. ఇంటికి వస్తూనే ఆయన ఆ ఫోటో ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద "మా ఇంటి మొదటి జింక" అని రాశాడు. సాయంత్రానికల్లా అభినందనలు వరదలా వచ్చి పడ్డాయి. అన్నా సూపర్, బావగారూ మీలో ఇంత ఉందనుకోలేదు, మాకు ఎప్పుడు పెడుతున్నారు విందు. నా స్నేహితురాలొకావిడ నాకు విడిగా మెసేజ్ పెట్టింది. మీ ఆయన ఒక్కడే అడవుల్లోకి వెళ్తే నీకు భయం వెయ్యలేదా అని.

చెప్పండి వాళ్ళకి, అన్నాను. ఆయన ఫోన్ చూసి నవ్వుకుంటూ, ఒక్కొక్కరికీ ఏం చెబుతాంలే, కలిసినప్పుడు చెబుదాం అన్నాడు. మర్నాడు కిరాణా కొట్లో ఒకాయన కలిశాడు. ఎంత దూరం నుంచి కొట్టారండీ అని మా ఆయన్ని అడిగాడు. మా ఆయన ఎప్పటిలాగే ఒక నవ్వు నవ్వాడు. అవుననీ కాదు, కాదనీ కాదు, అలాంటి నవ్వు. ఆ నవ్వుతోనే ఆయన ఈ దేశంలో ఇన్నేళ్ళు ఉద్యోగం నెట్టుకొస్తున్నాడని నా అనుమానం. నేను పక్కనే కొత్తిమీర కట్ట పట్టుకుని నిలబడ్డాను. నేనే చెప్పుకోవచ్చుగా అంటారేమో. ఆ మాటా అయింది. ఇంకోచోట చెప్పాను. ఆ పెద్దమనిషి పగలబడి నవ్వి, జోకు బావుందమ్మా అన్నాడు.

అప్పుడు నిర్ణయించుకున్నాను, ఆ తల పారెయ్యకూడదని. పుర్రె శుభ్రం చేసి హాల్లో గోడకి పెడతాను. గోడ మీద ఉంటే వచ్చినవాళ్ళు అడుగుతారు. అడిగినప్పుడు మా ఆయన నా ఎదురుగా ఉంటాడు. అప్పుడెలా నవ్వుతాడో చూస్తాను. మా అత్తగారు కార్తీకం వెళ్ళాక ఇండియా వెళ్ళిపోతున్నారు, వెళ్ళే ముందు ఆదివారం అందరినీ భోజనానికి పిలిచాం. ఆ లోపు పుర్రె సిద్ధం కావాలి.

ఇక్కడి జింకల్లో ఒక జబ్బు తిరుగుతోంది. అందుకని గొంతు దగ్గరి గ్రంథులు తీసి పరీక్షకి పంపాను. ఫలితం వచ్చేదాకా మాంసం తినకూడదు. ఎలాగూ కార్తీకం, ఎవరికీ తొందర లేదు. తల మాత్రం నా పని. గ్యారేజీలో బల్ల వేసుకుని తోలు ఒలిచాను, కళ్ళు, నాలుక తీశాను, కింది దవడ విడదీశాను. మెదడు వంచిన తీగతో కొంచెం కొంచెంగా తోడాను. చదివేవాళ్ళకి రోతగా అనిపిస్తుందేమో. నాకూ అనిపించింది, కానీ నేనెవరికీ చెప్పలేదు, చెబితే మానెయ్యమంటారు.

పుర్రె ఉడకబెట్టడం అంటే తలకాయ మాంసం వండటం కాదు. నీళ్ళు తెర్లకూడదు. తెర్లితే ముక్కు దగ్గర ఉండే కాగితంలాంటి ఎముకలు ఊడిపోతాయి, కొవ్వు ఎముకలోకి దిగి మచ్చలు పడతాయి. కొమ్ములు నీళ్ళలో మునగకూడదు, మునిగితే రంగు పోతుంది. నీళ్ళలో చాకలి సోడా వెయ్యాలి, సన్న సెగ మీద పెట్టాలి, మధ్య మధ్యలో తీసి గీకాలి, నీళ్ళు మార్చాలి. పాత సామాన్ల దుకాణంలో పెద్ద గిన్నె ఒకటి తెచ్చాను, ఇది వంటకి కాదని దాని మీద పెద్ద అక్షరాలతో రాశాను. గ్యారేజీ తలుపు కాస్త ఎత్తి, గ్యాస్ స్టవ్ పెట్టి, కొమ్ములు పైకుండేలా ఒక కర్రకి కట్టి వేలాడదీశాను. ఒక పూటంతా అక్కడే నిలబడ్డాను. మాంసం చక్కగా వదులుతోంది. ఎముక తెల్లగా బయటపడుతోంది. నాకు ఎంత ముచ్చటేసిందో.

చివరి విడత నీళ్ళు పెట్టాక గుర్తొచ్చింది, తెల్లబరిచే మందు తేలేదని. జుట్టుకి రంగు వేసే సామాన్లు అమ్మే షాపులో దొరుకుతుంది అది. మా ఆయన్ని పిలిచి, మంట ఒక్కటి చూస్తూ ఉండండి, ఇంకేమీ చెయ్యొద్దు, ముట్టుకోవద్దు అని చెప్పాను. సరే సరే అన్నాడు. రోడ్లన్నీ మంచు, షాపు ఊరి అవతల. వెళ్ళి వచ్చేసరికి గ్యారేజీలో ఎవరూ లేరు. గిన్నె మీద కొమ్ముల చుట్టూ అల్యూమినియం రేకు కప్పి ఉంది. నేనేమీ కప్పలేదే అనుకుంటూ తీశాను.

నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. నెత్తురు ఎరుపు కాదు. పెళ్ళికూతురికి దిష్టి తీసే హారతి నీళ్ళ ఎరుపు. పుర్రె ఆ నీళ్ళలో పారాణి పెట్టిన పాదంలా కూర్చుని ఉంది. నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత వాసన తగిలింది. పసుపు. పసుపులో సున్నం కలిస్తే ఎరుపెక్కినట్టు, చాకలి సోడా కలిసినా ఎరుపెక్కుతుందని నాకప్పుడే తెలిసింది.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. బూట్లు కూడా విప్పలేదు. మా ఆయన సోఫాలో క్రికెట్ చూస్తున్నాడు. అమ్మ చూస్తానందిలే అన్నాడు. మా అత్తగారు తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని వంటింట్లో ఉన్నారు.

"అత్తయ్యా, ఆ గిన్నెలో ఏం వేశారు?"

"పసుపేనమ్మా. కంగారులో నువ్వు మర్చిపోయావనుకున్నా. పసుపు వెయ్యకపోతే నీచు ఎలా పోతుంది?"

మన ఇళ్ళలో కోడి తెచ్చినా, చేప తెచ్చినా ముందు పడేది పసుపే. నేనూ వేస్తాను. చెయ్యి దానంతట అదే పసుపు డబ్బా మీదికి వెళ్తుంది. అదంతా నాకు తెలుసు. తెలిసినా ఆ క్షణాన కోపం నషాళానికి అంటింది నాకు. ఏమేమి అన్నానో అన్నీ గుర్తు లేవు. మీకెవరు చెప్పారు వెయ్యమని అన్నాను. మూడేళ్ళ కష్టం గంగలో కలిపారన్నాను. ఈ ఇంట్లో నా పని నన్ను చేసుకోనివ్వరా అన్నాను. ఆవిడ చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయారు. మా ఆయన టీవీ ఆపి వచ్చాడు.

"ఒక బొమిక కోసం అమ్మ మీద అరుస్తావేంటి?"

ఆ బొమిక అన్న మాటతో నాకు కోపం ఆవిడ మీది నుంచి ఆయన మీదికి మళ్ళింది. నిజానికి మొదటి నుంచీ అది ఉండాల్సింది అక్కడే.

"అది బొమిక కాదు. నేను కొట్టిన జింక. ఊళ్ళో అందరూ మీరు కొట్టారనుకుంటున్నారు. మీరు ఒక్కరికి కూడా కాదని చెప్పలేదు."

"నేనే కొట్టానని ఎవరితోనైనా అన్నానా?"

"కాదనీ అనలేదుగా. నవ్వి ఊరుకున్నారు. నా జింకను నవ్వి తీసేసుకున్నారు."

చిన్న విషయాన్ని పెద్దది చేస్తున్నావన్నాడు. చిన్నదైతే చెప్పడానికి అంత బరువేమిటి అన్నాను. ఆయన మళ్ళీ టీవీ దగ్గరికి వెళ్ళాడు, కానీ పెట్టలేదు. మా అత్తగారు మా ఇద్దరి ముఖాలూ చూసి, పొయ్యి మీద పప్పు అడుగంటకుండా కలుపుకోవడం మొదలుపెట్టారు.

గ్యారేజీలోకి వెళ్ళి నీళ్ళు పారబోస్తుంటే అప్పుడు తట్టింది, ఆవిడ జుట్టు ఎందుకు తడిగా ఉందో. పొద్దున ఒకసారి తలస్నానం అయింది. కార్తీకంలో నీచు గిన్నె ముట్టుకుంది కాబట్టి మళ్ళీ చేసింది. ముట్టకూడని రోజుల్లో ముట్టుకుని మరీ నా కొంప ముంచింది. ఇప్పుడు నేను కోప్పడాలా వద్దా? ఇదీ మా అత్తగారితో వచ్చే తంటా.

ఆ తర్వాత వారమంతా నాకు ఆ పుర్రెతోనే సరిపోయింది. గోరువెచ్చని సబ్బు నీళ్ళలో నానబెట్టాను. ఎరుపు పోయి పసుపు తేలింది. తెల్లబరిచే మందు బ్రష్షుతో పూసి, ప్లాస్టిక్ సంచీ చుట్టి, హీటరు పక్కన పెట్టాను. కొంచెం పాలిపోయింది. మళ్ళీ పూశాను. నుదురు వెన్న రంగుకి వచ్చింది, అతుకుల దగ్గర మాత్రం చిక్కటి పసుపు అలాగే ఉండిపోయింది. మన ఎండలో రెండు రోజులు పెడితే పసుపు మరక ఇట్టే ఎగిరిపోతుంది. రెజైనాలో ఆ నెలలో ఎండ వచ్చేదెంత, ఉండేదెంత. అయినా కిటికీలో పెట్టి, సూర్యుడు ఎటు జరిగితే అటు జరిపాను. మా ఆయన ఒకసారి అటుగా వచ్చి, తెల్ల పెయింట్ స్ప్రే చేస్తే సరిపోతుందిగా అన్నాడు. నేను తలెత్తి చూశాను. ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయాడు.

మా అత్తగారు ఆ వారం నా జోలికి రాలేదు. డబ్బాలు సర్దలేదు, చొక్కాలు ఇస్త్రీ చెయ్యలేదు. అది నాకు ఇంకా చికాకుగా ఉంది.

శనివారం అట్టలాంటి ఇక్కడి గోడ వెనక నిలువు కర్ర ఎక్కడుందో తట్టి చూసుకుని, మేకు దిగ్గొట్టి, పుర్రె తగిలించాను. పసుపో ఎరుపో, నాది. దూరంగా నిలబడి చూస్తే కొమ్ములు గంభీరంగానే ఉన్నాయి. ముఖం మాత్రం నలుగు పెట్టుకుని స్నానానికి కూర్చున్నట్టుంది. నాకు నవ్వు రాలేదు.

ఆదివారం అందరూ వచ్చారు. పరీక్షలో జబ్బు లేదని తేలింది, కార్తీకం అయిపోయింది, జింక మాంసం కూర చేశాను. గరం మసాలా తక్కువ, మిరియాలు ఎక్కువ. నేను వడ్డిస్తున్నాను. మా ఆయన స్నేహితుడొకతను, వరంగల్ వైపు అబ్బాయి, మొదటి ముద్ద తిని కళ్ళు మూసుకున్నాడు. అన్నా, నువ్వు కొట్టిన జింక మస్తుందే అన్నాడు. నా చేతిలో గరిటె ఆగింది. మా ఆయన వైపు చూశాను. ఆయనా నన్ను చూశాడు. చూసి, కళ్ళు దించుకుని, అదే నవ్వు, తినరా తిను అన్నాడు.

అయిపోయింది అనుకున్నాను. అన్ని మాటలు అనుకున్నాక కూడా, నా ముఖం చూశాక కూడా. ఇక ఈ జన్మకి ఆ మాట ఈయన నోట్లోంచి రాదు. కూర గిన్నె తీసుకుని తర్వాతి మనిషి దగ్గరికి జరిగాను. జరిగితే, ఆ అబ్బాయే గోడకేసి చూపించాడు.

"వదినా, ఇదెక్కడ కొన్నరు? యాంటిక్ పీస్ లెక్కుంది."

జింక మా ఆయనదైంది, పుర్రె కొట్లో కొన్నదైంది. నాకు మిగిలింది గరిటె. నేను నోరు తెరిచేలోపు సోఫాలోంచి మా అత్తగారు అందుకున్నారు. ఆవిడ గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. ఆ రోజూ పెద్దగా అనలేదు.

"కొనలేదు నాయనా. నువ్వు తింటున్న జింక తలే అది. మా కోడలు కొట్టింది. ఆ పసుపు మాత్రం నేను వేశా. దానికి తిట్లు కూడా తిన్నా."

అందరూ నవ్వారు. ఆ అబ్బాయి కూడా నవ్వి, మా ఆయన వైపు తిరిగాడు.

"నిజమా అన్నా?"

చూశారా. అప్పుడు కూడా నన్ను అడగలేదు. నిజమేదో ఆయన చెప్పాలి. నా పళ్ళు పటపటలాడాయి. మా అత్తగారు చేతిలో ఉన్న కంచం కింద పెట్టారు.

"వాణ్ణెందుకు అడుగుతావు? ఆ పొద్దున వాడు ముసుగు తన్ని పడుకున్నాడు. మంచులోకి పోయింది అది. డబ్బా కట్టిచ్చింది నేను. అడిగేదేదో దాన్నడుగు."

హాల్లో ఎవరూ నవ్వలేదు ఈసారి. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కంచంలోని అన్నం కాసేపు అటూ ఇటూ జరిపాడు. తర్వాత తలెత్తకుండానే అన్నాడు.

"అవున్రా. తనే కొట్టింది. నేను వెళ్ళి మోసుకొచ్చానంతే."

మోసుకొచ్చింది కూడా వ్యాన్ వరకే, పొలంలోంచి లాగింది నేను. కానీ ఆ మాట వచ్చింది. నలుగురి ముందు, నా చెవిలో పడేలా వచ్చింది. ఇన్ని రోజులు దీనికోసం ఎదురుచూసి, తీరా వచ్చాక సంతోషం కలగాల్సింది పోయి, ఈ ముక్క మొదటి రోజే అనడానికి నీకేం రోగమని అరవాలనిపించింది. అరవలేదు.

ఆ అబ్బాయి ముద్ద పక్కన పెట్టి నా వైపు తిరిగి కూర్చున్నాడు. ఎట్ల కొట్టినవ్ వదినా, ఎంత దూరంల ఉండె అని అడిగాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు.

నేను గరిటె గిన్నెలో పెట్టేసి, గిన్నె బల్ల మీద పెట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. దూరం సంగతి తర్వాత, ముందు గాలి సంగతి చెప్పాలి అన్నాను. మొదలుపెట్టాను. మొదటి ఏడు నుంచి మొదలుపెట్టాను. రైతు ఫోన్లో ఏమడిగాడో చెప్పాను, మోళ్ళ మీద అడుగు పడితే ఎలా వినిపిస్తుందో చెప్పాను, పులిహోర సంగతి, తోక ఎగరేసి పారిపోయిన జింక సంగతి చెప్పాను. నన్ను ఎవరూ ఆపలేదు. రెండో శనివారం దగ్గరికి వచ్చేసరికి మా అత్తగారు మధ్యలో అందుకున్నారు.

"ఆ రోజు పెరుగన్నం పెట్టా. తిరగమోత వెయ్యలేదు. ఇంగువ డబ్బా మూత కూడా తియ్యలేదు ఆ పొద్దున."

నాకు తెలియదు. ఆ డబ్బా నేను కారులోనే వదిలేశాను, తిరిగొచ్చాక ఆ హడావిడిలో మూత తియ్యకుండానే సింకులో పడేశాను. ఆవిడ వైపు చూశాను. ఆవిడ తన వాటా కూడా చెప్పేసినట్టు నిమ్మళంగా కూర్చుని ఉన్నారు.

కూర కావాలని ఎవరో అడిగారు. నేను లేవలేదు. మా ఆయన లేచి, గిన్నె తీసుకుని, వరసగా అందరికీ వడ్డించుకుంటూ వచ్చాడు. నేను చెప్పడం ఆపలేదు, ఇంకా కొట్టే చోటికి రానేలేదు.